ఫ్లారెన్స్ గుమ్మటం కట్టిన మొండిఘటం

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరానికి కొందరు మైకెలాంజిలో శిల్పాల కోసం వెళ్తారు, కొందరు భోజనం కోసం వెళ్తారు. నేను ఒక గుమ్మటం కోసం వెళ్ళాను. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఒక పుస్తకంలో దాని బొమ్మ చూశాను. అప్పటినుంచీ అది మనసులో తిష్ఠ వేసుకుంది. తీరా వెళ్ళాక, మొదటిరోజే బార్జెల్లో మ్యూజియంలో రెండు కంచు ఫలకాల ముందు కాళ్ళు ఆగిపోయాయి. ఒకటి పోటీలో గెలిచినవాడిది, రెండోది ఓడినవాడిది. ఓడినవాడి పేరు ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ. తర్వాత గుమ్మటం కట్టింది అతనే.

1377లో ఫ్లారెన్స్‌లోనే పుట్టాడు. తండ్రి నోటరీ. కొడుకూ ఆ కాగితాల పనిలోనే స్థిరపడాలని ఆయన కోరిక (ఏ దేశంలోనైనా తండ్రులు తండ్రులే!). కొడుకు కంసాలిపనిలో చేరాడు. 1401లో ఊళ్ళోని బాప్టిస్టరీకి కంచు తలుపులు చేయించడానికి పోటీ పెట్టారు. అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం పోతపోసి చూపాలి. బ్రూనెల్లెస్కీ ఫలకంలో కత్తి అప్పటికే కుర్రవాడి గొంతు దగ్గరుంది. దేవదూత అబ్రహాము చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. లొరెంజో గిబెర్టీ ఫలకం నాజూకైనది, కంచు కూడా తక్కువ పట్టింది. పని గిబెర్టీకి దక్కింది. నన్నడిగితే తీర్పులో తప్పేమీ లేదు. కాని ఇరవై అయిదేళ్ళ వయసులో ఊరందరి ఎదుటా ఓడిపోవడం చిన్న దెబ్బ కాదు. మిత్రుడు దొనతెల్లోతో రోముకు పోయి, అక్కడి శిథిలాలు కొలుచుకుంటూ గడిపాడంటారు.

ఈలోగా 1296లో మొదలైన కెథీడ్రల్ నడినెత్తిన కప్పు లేకుండా నిలిచి ఉంది. దాదాపు 45 మీటర్ల వెడల్పున ఎనిమిది పలకల ఖాళీ. అంతటి సెంట్రింగుకు కలప ఎక్కడనుంచి తేవాలో ఎవరికీ పాలుపోలేదు. 1418లో మళ్ళీ పోటీ. సెంట్రింగు లేకుండానే కడతానన్నాడు బ్రూనెల్లెస్కీ. ఎలాగో మాత్రం పూర్తిగా చెప్పడు! పిచ్చివాడని సభలోంచి ఎత్తి బయట పడేశారని ఒక కథ. చివరికి పని ఇచ్చారు గాని, పక్కన సమాన జీతంతో మళ్ళీ ఆ గిబెర్టీనే కూర్చోబెట్టారు.

1420 ఆగస్టు 7న పని మొదలయింది. ఆ ఉదయం మేస్త్రీలకు రొట్టె, ఖర్బూజా, వైను పెట్టారట. లోపల మందమైనది, పైన పలుచనిది, రెండు గుమ్మటాలు. ఇటుకలు అడ్డంగా పేరుస్తూ మధ్యమధ్య కొన్ని నిలువుగా పెట్టించాడు. తడి సున్నం మీద వరస జారకుండా అవి పట్టుకుంటాయి. వరస చుట్టూ తిరిగి కలిసిందా, ఇక తనంతట తానే నిలుస్తుంది. బరువులెత్తడానికి ఎడ్లతో నడిచే యంత్రం చేశాడు. ఎడ్లు ఒకే దిక్కున తిరుగుతుంటే, గేరు మార్చి బరువు పైకీ పంపవచ్చు, కిందికీ దించవచ్చు. మన గానుగ తిప్పినవాళ్ళకు అందులోని గొప్ప తెలుస్తుంది. కూలీలు తిండికి దిగివస్తే పొద్దుపోతుందని పైనే వంటకొట్టు పెట్టించాడట. వైనులో నీళ్ళు కలిపి ఇచ్చేవారు. ఆ ఎత్తున తూలితే ఇంకేముంది!

పాత దెబ్బ మాత్రం మరవలేదు. ఒకసారి జబ్బని మంచమెక్కి, పని ఆగిపోయేలా చేసి, గిబెర్టీకి ఏమీ చేతకాదని ఊరందరికీ చూపించాడట. అందరూ నవ్వుతూ చెప్పే ఈ కథ నాకు నచ్చలేదు. ఆ గిబెర్టీ చేసిన తలుపుల ముందు ఇవాళ్టికీ జనం గుమిగూడుతున్నారు మరి!

ఇతనికీ దెబ్బలు తప్పలేదు. ఆర్నో నది మీద పాలరాయి తేవడానికి కొత్తరకం పడవ చేసి, 1421లో దానిమీద ప్రత్యేక హక్కు సంపాదించాడు. 1428లో అది సరుకుతో సహా మునిగింది. నష్టం తన నెత్తినే పడింది. 1434లో మేస్త్రీల సంఘానికి చందా కట్టలేదని జైల్లో పెట్టారు. (మన సంఘం ఇంత కఠినం కాదు లెండి.) 1436లో గుమ్మటం పూర్తయింది. దాని శిఖరం పని సాగుతుండగానే, 1446 ఏప్రిల్ 15న కన్నుమూశాడు. అతని సమాధి కెథీడ్రల్ అడుగున 1972లో బయటపడింది.

నేను 463 మెట్లూ ఎక్కాను. దారి ఆ రెండు గుమ్మటాల నడుమనే పోతుంది. పక్కగోడలో నిలువు ఇటుకలు చేతికి తగులుతాయి. దిగి వచ్చి, చౌకులో పైకి చూస్తూ కూర్చున్న అతని విగ్రహానికి ఎదురుగా రొట్టె తిన్నాను. అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. మర్నాడు మళ్ళీ బార్జెల్లోకి వెళ్ళి, ఓడిన ఫలకం ముందు ఇంకో గంట నిలబడ్డాను.