మ్యాథ్స్ సప్లీ రాసిన ఇంజినీర్.. మైలేజీ లెక్కతో రేసింగ్‌ను మార్చాడు

ఇంట్లో కొత్త బండి కొనేటప్పుడు మొదట వినిపించే ప్రశ్న ఏంటో మీకు తెలుసు. లీటరుకి ఎంత ఇస్తుంది? అదే ప్రశ్న స్పోర్ట్స్ కారు గురించి అడిగారనుకోండి, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. అంత డబ్బు పోసి కొనేవాడికి పెట్రోలు లెక్కేంటని. కానీ లోటస్ కార్ల కంపెనీ పెట్టిన బ్రిటిష్ ఇంజినీర్ కోలిన్ చాప్‌మన్ ఆ ప్రశ్నను చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. ఖర్చు తగ్గించుకోవడానికి కాదు, వేగం కోసం.

1928 మే 19న లండన్ పక్కనున్న రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి హార్న్సీలో ఒక పబ్ నడిపేవాడు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చాప్‌మన్ చదివింది మెకానికల్ కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. భవనాలు, వంతెనల బరువు లెక్కలన్నమాట. చదువుకుంటూనే ఒక స్నేహితుడితో కలిసి పాత కార్లు కొని అమ్మేవాడు. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ మీదే దొరికేది. 1947లో సొంత కార్లకిచ్చే ఆ కాస్త కోటా కూడా ప్రభుత్వం ఆపేసింది. పెట్రోలే లేనప్పుడు కారెవరు కొంటారు? ఉన్నవన్నీ నష్టానికి తెగనమ్ముకోవాల్సి వచ్చింది. చివరికి చేతిలో మిగిలింది ఒక పాత ఆస్టిన్ సెవెన్. పెట్రోలు వల్ల చాప్‌మన్ తిన్న మొదటి దెబ్బ అది.

రెండో దెబ్బ పరీక్షల్లో. ఫైనల్ ఇయర్ మ్యాథ్స్ పోయింది. 1948లో డిగ్రీ లేకుండానే కాలేజీ వదిలి, 1949లో ఆ పేపర్ మళ్లీ రాసి పాసయ్యాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పడానికి పనికొచ్చే ముక్కే ఇది. కానీ ఆ మధ్యకాలంలో ఏం చేశాడన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. కాబోయే భార్య హేజెల్ వాళ్లింటి వెనకున్న గ్యారేజీలో, అమ్ముడుపోని ఆ ఆస్టిన్‌ని విప్పేసి కొత్త బాడీ కట్టాడు. అదే మొదటి లోటస్. తర్వాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం. భవనాల్లో ఉక్కు బదులు అల్యూమినియం వాడొచ్చని బిల్డర్లను ఒప్పించడం డ్యూటీ. పగలు తేలికైన లోహం అమ్మడం, సాయంత్రం తేలికైన కార్లు కట్టడం. 1952లో సొంత కంపెనీ పెట్టాక కూడా రెండేళ్లకు పైగా ఆ జీతం వదల్లేదు.

చిన్న కంపెనీకి సొంతంగా ఇంజిన్ తయారుచేసే స్తోమత ఎక్కడుంటుంది? దొరికినవాటిలోంచి ఎంచుకోవాల్సిందే. చాప్‌మన్‌కి కలిసొచ్చింది కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజిన్. అసలు అది ఫైర్ సర్వీసు వాళ్ల నీళ్ల పంపు కోసం పుట్టింది. పంపుని ఎత్తుకుని పరిగెత్తాలి కాబట్టి బరువు తక్కువగా ఉండాలి, ఆన్ చేయగానే గట్టిగా లాగాలి. రేసు కారుకి కావాల్సిందీ అదే.

1957లో చూపించిన లోటస్ ఎలీట్‌లో ఆ కుటుంబానికే చెందిన 1216 సీసీ ఇంజిన్ పెట్టాడు. పవర్ 75 హార్స్‌పవర్ మాత్రమే. అయితే కారు బరువు దాదాపు 500 కిలోలు. విడిగా ఛాసిస్ లేదు, ఫైబర్‌గ్లాస్ బాడీయే మొత్తం మోస్తుంది. గాలిని చీల్చుకుపోయే ఆకారం వల్ల డ్రాగ్ 0.29. 1960లో ఒక బ్రిటిష్ పత్రిక టెస్ట్ చేస్తే గంటకి దాదాపు 180 కిలోమీటర్ల వేగం అందుకుంది, లీటరుకి 14 కిలోమీటర్లకు పైగా ఇచ్చింది. మైలేజీ అనేది ఇంజిన్ ఒక్కదాని గుణం కాదని ఇక్కడ తెలిసిపోతుంది. లీమాన్ 24 గంటల రేసులో వేగం, బరువు, తాగిన ఇంధనం కలిపి లెక్కకట్టి ఇచ్చే థర్మల్ ఎఫిషియెన్సీ అవార్డు కూడా 1962లో ఎలీట్‌కి దక్కింది. లోపల మోత ఎక్కువే, కంపెనీకి డబ్బూ మిగల్లేదు. అది వేరే సంగతి.

అసలు కథ అమెరికాలో. ఇండియానాపొలిస్ 500 అంటే 200 ల్యాపులు, 800 కిలోమీటర్లు. అక్కడ రాజ్యమేలేది ఆఫెన్‌హౌజర్ ఇంజిన్, మెథనాల్‌తో నడిచేది. మెథనాల్ పోస్తే పవర్ ఎక్కువ వస్తుంది. కానీ లీటరు మెథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో దాదాపు సగమే. అంటే పెద్ద ట్యాంకు, ఎక్కువ బరువు, అయినా మధ్యలో మళ్లీ మళ్లీ ఆగాలి.

1963లో చాప్‌మన్ ఫోర్డ్‌తో కలిసి 4.2 లీటర్ల వీ8 ఇంజిన్‌ని తేలికైన లోటస్ 29 వెనకభాగంలో పెట్టి, పెట్రోలుతోనే నడిపాడు. పవర్ ఆఫెన్‌హౌజర్ కంటే తక్కువని తెలిసే ఎంచుకున్నాడు. పిట్‌లో ఆగితే పోయేది నిలబడ్డ సెకన్లు మాత్రమే కాదు, వేగం తగ్గించడం, మళ్లీ అందుకోవడం కూడా. ఒక్క పిట్‌స్టాప్ మిగిలితే ఎన్ని హార్స్‌పవర్లు వదులుకోవచ్చు? ఇది కాగితం మీద తేలే లెక్క. మీ కాలేజీ టీమ్ ఫార్ములా స్టూడెంట్ పోటీలకు కారు కడుతుంటే మీకూ ఇదే లెక్క ఎదురవుతుంది, ఎండ్యూరెన్స్ రేసులో తాగిన ఇంధనానికీ మార్కులుంటాయి కాబట్టి.

జిమ్ క్లార్క్ ఒక్కసారే ఆగాడు. గెలిచిన పార్నెలీ జోన్స్ మూడుసార్లు ఆగాడు. చివర్లో జోన్స్ కారు ఆయిల్ కారుస్తున్నా అధికారులు ఆపలేదు. క్లార్క్ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

1964 రేసులో ఘోరమైన మంటలు. పెట్రోలు కార్లలో ఉన్న ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ చనిపోయారు. రూల్స్ మారాయి. కనీసం రెండుసార్లు ఆగడం తప్పనిసరైంది. ఎలాగూ ఆగాల్సిందే అయినప్పుడు మైలేజీకి విలువేముంది? చాప్‌మన్ పాత లెక్కను పట్టుకుని వేలాడలేదు. 1965లో లోటస్ 38లో కొత్త ఫోర్డ్ ఇంజిన్ పెట్టి మెథనాల్‌కి మారిపోయాడు. క్లార్క్ 200లో 190 ల్యాపులు ముందుండి గెలిచాడు. వెనక ఇంజిన్ ఉన్న కారు అక్కడ గెలవడం అదే మొదలు.

తేలిక మీద అంత పట్టుదలకు ఇంకో ముఖం కూడా ఉంది. లోటస్ కార్లు విరిగిపోతాయన్న భయం డ్రైవర్లలో ఉండేది. 1970లో మోంజాలో యోహెన్ రింట్ లోటస్‌లోనే చనిపోయాడు. ఫార్ములా వన్‌లో కంపెనీకి ఏడు కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు వచ్చాయి. చివరి రోజుల్లో మాత్రం డెలోరియన్ కార్ల ప్రాజెక్టు నిధులు దారిమళ్లిన వ్యవహారంలో చాప్‌మన్ పేరూ వినిపించింది. విచారణ తన దాకా రాకముందే 1982 డిసెంబరు 16న గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి వయసు 54.