బెమర్టన్ సంఘ కాపరి జార్జి హెర్బర్టు

మన తెలుగు ప్రాంతములలో ఈస్టరు పండుగ నాటికి ఎండలు ముదిరి పొలములు బీటలు వారియుండును. ఇంగ్లాండులో అట్లు కాదు. చెట్లు చిగిర్చి, రైతు పొలము పనులలో మునిగియుండు దినములలోనే శ్రమకాలము, ఈస్టరు, ఆరోహణ పండుగ ఒకదాని వెంట ఒకటి వచ్చును. పల్లెటూరి గురువునకు ఊపిరి సలుపని కాలమది. ఆ పనిని ప్రేమించి చేసిన జార్జి హెర్బర్టు గారిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయుట మాకు సంతోషము. కవిగా ఆయన పేరు మనలో కొందరికి తెలియును. కాపరిగా తెలిసినవారు తక్కువ.

ఆయన 1593 ఏప్రిల్ 3న వేల్సు దేశమందలి మాంట్‌గొమెరీలో గొప్ప వంశమున పుట్టెను. పసితనముననే తండ్రి గతించగా, తల్లి మాగ్డలెన్ పదిమంది బిడ్డలను పెంచి పెద్దచేసెను. కేంబ్రిడ్జిలో చదివి, 1620లో ఆ విశ్వవిద్యాలయము పక్షమున లాటిను భాషలో ప్రసంగించు పదవిని పొందెను. 1624లో పార్లమెంటు సభ్యుడాయెను. రాజాస్థానములో ఉన్నత పదవి దొరకునని అందరును అనుకొనిరి. 1625లో జేమ్సు రాజు చనిపోగా ఆ ఆశ సన్నగిల్లెను. ఆశ పోయినందుననే గురుత్వమునకు వచ్చెనని కొందరు విమర్శింతురు. అయితే ఆస్థానములో ఆశ పోయినవారందరు పల్లెకు పోయి పూరిండ్లలో దూరలేదు గదా!

1629లో జేన్ డాన్వర్సు అను ఆమెను వివాహమాడి, 1630 ఏప్రిల్ 26న సాలిస్‌బరీ ప్రక్కనున్న బెమర్టన్ గ్రామమునకు వచ్చెను. ఆ సెప్టెంబరులో గురువుగా అభిషేకము పొందెను. దేవాలయము చాల చిన్నది. గురువుగారి ఇల్లు శిథిలమై యుండెను. రెంటిని బాగుచేయించి, తల్లిదండ్రులు లేని ముగ్గురు మేనకోడళ్లను ఆ ఇంటనే పెట్టుకొనెను.

ఆయన 1632లో గ్రామ గురువు ధర్మములను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అది తాను సాధించినదాని లెక్క కాదు, తాను గురి పెట్టుకొనినది. మేము ఇచట చెప్పునది చాలవరకు దానినుండి గ్రహించినదే.

ప్రభు భోజన సంస్కారము నెలకొకసారి జరుగుట మంచిదనియు, కాకున్న ఏటికి ఐదారు మార్లయినను జరుగవలెననియు ఆయన తలంపు. శ్రమకాలారంభము, ఈస్టరు ఆ పర్యాయములలోనివి. పండుగ వచ్చిన దేవాలయమును ఊడ్చి, పచ్చని కొమ్మలతో అలంకరించవలెను. ఆదివారము ప్రొద్దున ప్రసంగము, అదియు గంటకు మించరాదు (ఈ మాట మన గురువులు గమనింతురు గాక!). మధ్యాహ్నము పిల్లలకు, పెద్దలకు ప్రశ్నోత్తరముల బోధ. సాయంకాలము రోగులను చూచుట, తగవులు పడినవారిని కలుపుట. వారపు దినములలో పనిపాటలలో నున్నవారి యొద్దకు తానే పోవలెను. గుడిసె ఎంత చిన్నదైనను, వంగి ప్రాకవలసి వచ్చినను, ఎంత దుర్గంధము కొట్టినను లోపలికి పోవలెను. వైద్యుడు లేని పల్లెలో వైద్యుడును గురువే. పరదేశపు ఖరీదైన మందులకు మారుగా తన తోటలోని ఆకులు, వేళ్లు వాడవలెను. పుండ్లు కడిగి కట్టు కట్టు పనిని గురువుగారి భార్య నేర్చియుండవలెను.

అన్నిటికంటె మాకు నచ్చినది పొలిమేర నడక. ఆరోహణ పండుగకు ముందటి సోమ, మంగళ, బుధవారములలో గురువు ముందు నడువగా ఊరివారందరు ప్రార్థించుచు గ్రామపు హద్దుల వెంబడి తిరుగుదురు. ఇది పాత మూఢాచారమని ఆనాడు కొందరు నిరసించిరి. హెర్బర్టు గారు దానిని విడువలేదు. దానిలో నాలుగు మేలులున్నవని వివరించెను: పంటకు దేవుని ఆశీర్వాదము కోరుట, సరిహద్దులు చెరగకుండ న్యాయము నిలుపుట, కలిసి నడచుటలో పొరుగువారి పగలు సమసిపోవుట, బీదలకు దానము చేయుట. రాక నిరాకరించినవారిని ఆయన మెచ్చలేదు. మన సంఘములలో కోత పండుగ ఘనముగా జరుగును, బండ్లతో ధాన్యము వచ్చును. పంట ఇంటికి రాకమునుపే పొలము గట్టుపై నిలిచి ప్రార్థించు ఈ పద్ధతి మాత్రము మనకంతగా అలవాటు కాలేదు. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టు తిరుగు మన ఊళ్లకు ఇది పనికిరాదా అని మాకు తోచుచుండును.

ఆయన జీవితమును 1670లో ప్రచురించిన ఐజాక్ వాల్టన్ ప్రకారము, హెర్బర్టు గారు దినమునకు రెండుమారులు దేవాలయమున ప్రార్థన జరిపించెడివారు. గంట వినబడగానే రైతులు కొందరు నాగలి నిలిపి ప్రార్థించెడివారట. వారమునకు రెండుమారులు సంగీతమునకై సాలిస్‌బరీ కెథీడ్రలునకు నడిచి పోయెడివారు. ఒకనాడు దారిలో ఒక పేదవాని గుఱ్ఱము బరువుతో కూలియుండగా, అంగీ విప్పి, బరువు దించి, మరల ఎక్కించి, బురద బట్టలతోనే మిత్రుల యొద్దకు చేరెను. వాల్టన్‌కు ఆయనతో స్వయముగా పరిచయము లేదు గనుక కొంత మెరుగు పెట్టి యుండవచ్చును. అయినను పుస్తకములో కనబడు మనిషికి ఈ కథ చక్కగా అమరినది.

ఇంత పనిని ఆ శరీరము మోయలేకపోయెను. యౌవనమునుండియు ఆయన రోగియే. క్షయవ్యాధి ముదిరి 1633 మార్చి 1న, ఇంకను నలుబది యేండ్లు నిండకముందే కన్నుమూసెను. ఆ యేటి శ్రమకాలమింకను ఆరంభము కాలేదు. బెమర్టన్ గురువుగా ఆయన జరుపుకొనిన ఈస్టరు పండుగలు 1631, 1632లలోని రెండే.

కవిత్వపు వ్రాతప్రతిని మిత్రుడైన నికొలస్ ఫెర్రర్ చేతికి పంపి, బాధపడు ఆత్మకు మేలు చేయునట్లు తోచిన అచ్చు వేయుమనియు, లేనియెడల కాల్చివేయుమనియు కోరెను. అది ఆ సంవత్సరమే కేంబ్రిడ్జిలో అచ్చయినది. గ్రామ గురువును గూర్చిన పుస్తకము 1652 వరకు వెలుగు చూడలేదు. అప్పటికి పార్లమెంటు 1645లో ప్రార్థన పుస్తకమును, 1647లో ఈస్టరు పండుగను రద్దుచేసి యుండెను. పచ్చని కొమ్మలతో దేవాలయమును అలంకరించుమని చెప్పు పుస్తకము, అట్లు చేయు వీలు లేని గురువుల చేతికి వచ్చెను.