మాల్గుడిని చూపించిన శంకర్‌నాగ్

* చిన్నతెరను చిన్నచూపు చూడని కథానాయకుడు
* ఆగుంబె కొండల్లో ప్రాణం పోసుకున్న ఊరు
* 36వ ఏట రోడ్డు ప్రమాదంలో దుర్మరణం

హిందూపురం: మాల్గుడి అనే ఊరు ఏ పటంలోనూ కానరాదు. ఆంగ్ల రచయిత ఆర్.కె.నారాయణ్ ఊహలో పుట్టి, 1935లో వెలువడిన నవలతో పాఠకులకు పరిచయమైన పట్టణమది. అయినా 1980వ దశకం చివరిలో దూరదర్శన్ చూసిన వారెవరిని అడిగినా ఆ ఊరి రైల్వేస్టేషన్‌ను, వీధి మధ్యలో నిలబడిన తెల్లదొర విగ్రహాన్ని, టోపీ పెట్టుకుని బడికి పరుగెత్తే స్వామి అనే బాలుణ్ని కళ్లకు కట్టినట్లు వర్ణిస్తారు. లేని ఊరిని కోట్లాది మందికి ఉన్న ఊరుగా చేసిన దర్శకుడు శంకర్‌నాగ్. కర్ణాటకలో నేటికీ ఆటోల వెనుక కనిపించే బొమ్మ ఆయనదే. సరిహద్దు మండలాలైన మడకశిర, హిందూపురం వాసులకు ఆ ముఖం కొత్త కాదు.

ముంబయి రంగస్థలంపై తొలి అడుగులు

శంకర్‌నాగ్ 1954 నవంబరు 9న ఉత్తర కన్నడ జిల్లా హొన్నావర ప్రాంతంలో కొంకణి మాట్లాడే కుటుంబంలో జన్మించారు. అప్పటికి ఆ జిల్లా బొంబాయి రాష్ట్రంలో భాగం. ఆరేళ్లు పెద్దవాడైన అన్న అనంత్‌నాగ్ దారిలోనే ఆయన కూడా ముంబయి చేరుకున్నారు. బ్యాంకు కొలువు చేస్తూనే మరాఠీ నాటకరంగంలో అడుగుపెట్టారు. వేషం వేయడం కన్నా రంగాలంకరణ, దీపాల అమరిక, రచన వంటి తెర వెనుక పనుల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. 1979లో వచ్చిన '22 జూన్ 1897' అనే మరాఠీ చిత్ర రచనలోనూ పాలుపంచుకున్నారు. భార్య అరుంధతితో పరిచయం కూడా నాటకాల్లోనే కలిగింది.

గిరీశ్ కర్నాడ్ దర్శకత్వం వహించిన 'ఒందానొందు కాలదల్లి' 1978లో ఆయనను వెండితెరకు పరిచయం చేసింది. కిరాయి యోధుని పాత్రలో చూపిన నటనకు భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా రజత మయూరం లభించింది. తొలి చిత్రానికే అంతటి గౌరవం దక్కడం అరుదు. అక్కడి నుంచి 12 ఏళ్లలో ఆయన నటించిన కన్నడ చిత్రాలు దాదాపు 90. 'ఆటో రాజా' (1980) ఆటో కార్మికులకు ఆయనను ఇంటి మనిషిని చేసింది. వాటిలో చాలావరకు పోరాటాలు, పాటలతో నడిచే మామూలు సినిమాలేనని ఒప్పుకోక తప్పదు. అందులో సంపాదించిన పేరును, డబ్బును తనకు నచ్చిన పనులకు వెచ్చించారు. బెంగళూరులో 'సంకేత్' నాటక సమాజాన్ని నెలకొల్పారు. పాటల రికార్డింగు కోసం కన్నడ చిత్రసీమ మద్రాసు మీద ఆధారపడిన రోజుల్లో బెంగళూరులోనే రికార్డింగు స్టూడియోను ఏర్పాటు చేశారు. 'మించిన ఓట' (1980)తో దర్శకుడిగా మారారు.

తెలియని రంగంలోకి

దేశంలో రంగుల ప్రసారాలు మొదలైంది 1982లో. 1984లో 'హమ్‌లోగ్' వచ్చాక ధారావాహికలకు గిరాకీ ఏర్పడింది. అయినా పెద్ద కథానాయకులకు టీవీ అంటే చులకనే. అటువంటి సమయంలో నిర్మాత టి.ఎస్.నరసింహన్ నారాయణ్ కథలను ధారావాహికగా తీయ సంకల్పించినప్పుడు, చేతినిండా సినిమాలున్న శంకర్‌నాగ్ దర్శకత్వ బాధ్యత స్వీకరించారు.

బాధ్యత చిన్నది కాదు. నారాయణ్ నవల 'గైడ్' 1965లో హిందీ చిత్రమైనప్పుడు కథాస్థలం రాజస్థాన్‌కు తరలిపోయింది. తన మాల్గుడి అందులో మచ్చుకైనా లేదని నొచ్చుకున్న రచయిత ఆ అసంతృప్తిని తర్వాత వ్యాసంగానూ రాశారు. అందువల్ల ఈసారి అసలు పరీక్ష ఊరిని నిలబెట్టడమే.

శంకర్‌నాగ్ చూపు శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలోని ఆగుంబె మీద పడింది. పశ్చిమ కనుమల అంచున, విపరీతంగా వర్షాలు కురిసే చిన్న ఊరది. పెంకుటిళ్లు, నాటి వాసన పోని వీధి, చుట్టూ కొండలు. ఉత్తుత్తి గోడలు కట్టి ఊరిని సృష్టించే బదులు, ఉన్న ఊరినే 1930ల నాటికి వెనక్కి నడిపించారు. కళా దర్శకుడు జాన్ దేవరాజ్ కథల్లోని లాలీ దొర విగ్రహాన్ని మలిచారు. రైల్వేస్టేషన్‌గా అదే జిల్లాలోని అరసాళు స్టేషన్ కనిపిస్తుంది. ఊరి జనమే వీధుల్లో నడిచే పాత్రధారులయ్యారు. ఎస్.రామచంద్ర ఛాయాగ్రహణం ఆ తడి గాలిని, మబ్బు వెలుగును అలాగే పట్టి ఇచ్చింది.

నటీనటుల ఎంపికలోనూ అదే పట్టుదల. జాతీయ ప్రసారం, హిందీ సంభాషణలు. బొంబాయి నటులను రప్పించుకోవడం తేలిక. శంకర్‌నాగ్ ఎక్కువగా కన్నడ రంగస్థల, సినీ నటులనే నమ్ముకున్నారు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, తండ్రిగా గిరీశ్ కర్నాడ్, తల్లిగా వైశాలి కాసరవల్లి నటించారు. అనంత్‌నాగ్ పలు భాగాల్లో కనిపించారు. కన్నడ అగ్రనటుడు విష్ణువర్ధన్ సైతం ఒక కథలో చాలీచాలని జీతపు గుమాస్తాగా నటించారు. ఆ హిందీ యాసలో దక్షిణాది ఛాయ వినిపించేది. దక్షిణాది కథకు అది లోపం కాదు, అందమే.

మాటలు లేని పాట

ఎల్.వైద్యనాథన్ సంగీతం ఈ ధారావాహికకు మరో ప్రాణం. ఆర్.కె.లక్ష్మణ్ గీసిన బొమ్మలు తెరపై కదులుతుండగా సాగే శీర్షిక గీతంలో సాహిత్యమంటూ లేదు, కూనిరాగమే. కాబట్టి దానికి అనువాదంతో పని లేకపోయింది. హిందీ రాని తెలుగు పల్లెల్లోనూ టీవీ ఉన్న ఇంటి ముందు గుమిగూడిన పిల్లలు ఆ రాగం అందుకోగానే గొంతు కలపగలిగారు.

1986లో ప్రసారం ప్రారంభమైంది. శంకర్‌నాగ్ చేతి మీదుగా 39 భాగాలు రూపుదిద్దుకున్నాయి. ఒక్కొక్కటి అరగంటకు మించదు. అందులో ప్రతినాయకులు లేరు, కన్నీటి ధారలు లేవు. క్రికెట్ జట్టు పెట్టుకోవాలనుకునే పిల్లలు, కొడుకు తీరు అంతుబట్టని మిఠాయి వ్యాపారి వంటి సామాన్యుల కథలే అన్నీ. వారానికొక మలుపు పెట్టి ప్రేక్షకుణ్ని కట్టిపడేసే నేటి ధారావాహికల పక్కన పెడితే ఇవి నెమ్మదిగా నడుస్తాయి. ఆ నెమ్మదే వాటిని మళ్లీ మళ్లీ చూడనిచ్చింది. సినిమా విషయంలో నొచ్చుకున్న నారాయణ్ ఈ రూపం పట్ల సంతృప్తి చెందారు.

అర్ధంతరంగా ఆగిన ప్రయాణం

శంకర్‌నాగ్ దర్శకత్వంలో 1985లో వచ్చిన 'యాక్సిడెంట్' చిత్రం, కాలిబాటపై నిద్రిస్తున్న కూలీలను కారుతో తొక్కించిన రాజకీయ నాయకుని కుమారుడి కథ. సామాజిక సమస్యలపై చిత్రాల విభాగంలో జాతీయ పురస్కారం పొందింది. విధి వైచిత్రి ఏమంటే, ఆయన్ను బలిగొన్నది కూడా రోడ్డు ప్రమాదమే. 1990 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 'జోకుమారస్వామి' చిత్రీకరణ కోసం లోకాపుర వెళ్తుండగా దావణగెరె సమీపంలోని అనగోడు వద్ద ఆయన కారు లారీని ఢీకొంది. అరుంధతి తీవ్రంగా గాయపడ్డారు. చిన్నారి కుమార్తె ప్రాణాలతో బయటపడింది. శంకర్‌నాగ్ అక్కడే కన్నుమూశారు. 36 ఏళ్లు నిండడానికి ఇంకా 40 రోజులు ఉంది.

చేయదలచిన పనులెన్నో మిగిలిపోయాయి. బెంగళూరుకు మెట్రో రైలు కావాలని, పేదలకు చౌకలో ఇళ్లు కట్టాలని ఆయన ఆ రోజుల్లోనే తపించారు. మెట్రో ఆయన పోయిన 21 ఏళ్లకు, 2011లో పట్టాలెక్కింది. నాటకాలకు ఒక మంచి మందిరం ఉండాలన్న కోరికను అరుంధతి నెరవేర్చారు. ఆమె పూనికతో జె.పి.నగర్‌లో నిర్మించిన 'రంగశంకర' 2004లో తలుపులు తెరిచింది.

మాల్గుడి కథలను 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో మరో 15 భాగాలుగా తీశారు. వాటిని చూసినవారు సైతం మాల్గుడి అనగానే తలుచుకునేది మొదటి 39నే. శివమొగ్గ జిల్లాలో శిథిలావస్థకు చేరిన అరసాళు పాత స్టేషన్ భవనాన్ని రైల్వేశాఖ బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చింది.