నెట్టీ స్టీవెన్సు

నెట్టీ స్టీవెన్సు 1861వ సంవత్సరమున అమెరికాదేశమందలి వెర్మాంటు రాష్ట్రమున నొక వడ్రంగి యింట జన్మించెను. పెక్కేండ్లు బడిలో చదువు చెప్పి, ముప్పదియైదవ యేట స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థినిగా చేరెను. ఆ వయస్సున మనలో నెందఱు మరల పలక పట్టుదురు!

1905లో బ్రిన్‌మార్ కళాశాలయందు ఆమె పిండిపురుగుల వీర్యకణములు పుట్టు తీరును సూక్ష్మదర్శినితో పరిశీలించెను. ఆడుపురుగు శరీరకణములందు క్రోమోసోములను పోగులు 20, అన్నియు పెద్దవి. మగదానియందు 19 పెద్దవి, ఒకటి చిన్నది. కావున వీర్యకణమునకు 10 పోగులు వచ్చినను, సగము కణములలో అన్నియు పెద్దవే, తక్కినవానిలో నొకటి చిన్నది. మొదటి తెగ కలిసిన గ్రుడ్డు ఆడుది, రెండవ తెగ కలిసినది మగది యగును. మానవులయందును మగబిడ్డయో ఆడుబిడ్డయో తండ్రి కణమే నిర్ణయించునని పిమ్మట తేలెను. ఆడుపిల్లను కన్నదని కోడలిని దూఱు అత్తలు ఈ పురుగును చూడవలసినది.

కళాశాలవా రామెకై పరిశోధకాచార్య పదవి నొకటి కల్పించిరి. దానిని స్వీకరింపకమున్నే 1912 మే 4న రొమ్మున పుట్టిన రాచపుండుచే ఆమె మరణించెను.