కత్తి పట్టకుండానే ప్రాణాలు నిలిపిన వైద్యుడు

కొన్ని జబ్బుల పేరు పైకి చెప్పడానికే మనిషి సిగ్గుపడతాడు. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళానికి వచ్చే క్యాన్సర్ అలాంటిదే. ఇంట్లోవారికి కూడా చెప్పకుండా నెలల తరబడి దాచుకొని, పరిస్థితి చెయ్యి దాటాక ఆస్పత్రికి వెళ్లేవారు ఎందరో! ఆ జబ్బు గురించి లోకానికి ఒక స్పష్టమైన నిజం చెప్పడానికి తన జీవితాన్ని వెచ్చించిన వైద్యుడు డాక్టర్ కత్‌బర్ట్ డ్యూక్స్.

ఆయన 1890లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్‌లో పుట్టారు. తండ్రి ఎడ్విన్ జాషువా డ్యూక్స్ లండన్ మిషనరీ సొసైటీ పక్షాన చైనాలో సువార్త పరిచర్య చేసిన దైవజనుడు. 1805లో క్రాన్, డెగ్రాంజ్‌లను విశాఖపట్నం పంపించి తెలుగువారి మధ్య పని ప్రారంభించింది కూడా ఆ సొసైటీయే. కుమారుడు మాత్రం తండ్రిలా ప్రసంగ వేదిక ఎక్కలేదు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా సేవ చేసి, 1922లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రిలో పెథాలజిస్టుగా చేరారు. పేగు, మలద్వార వ్యాధుల కోసమే 1835లో వెలసిన ఆస్పత్రి అది.

అప్పటికి ఈ క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ ఒకటి వాడుకలోకి వచ్చింది. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో దాన్ని ప్రకటించారు. పొట్ట వైపు నుంచీ కింది వైపు నుంచీ కోసి, పురీషనాళాన్ని చుట్టుపక్కల లింఫు గ్రంథులతో సహా తీసివేసేవారు. ఆ తర్వాత జీవితాంతం పొట్ట మీద పెట్టిన ద్వారం గుండానే మలవిసర్జన. అంత బాధ భరించాక కూడా కొందరు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతికేవారు, కొందరు కొద్దికాలానికే జబ్బు తిరగబెట్టి చనిపోయేవారు. ఒకే ఆపరేషన్‌కు ఈ తేడా ఎందుకో అంతుబట్టేది కాదు.

డ్యూక్స్ సర్జన్ కాదు, ఆపరేషన్ బల్ల దగ్గర ఆయనకు పని లేదు. సర్జన్లు కోసి తీసిన భాగం ఆయన బల్ల మీదికి వచ్చేది. అందులోని గ్రంథులను ఒక్కొక్కటిగా విడదీసి మైక్రోస్కోపు కింద చూసేవారు. కణితి ఎంత లోతుకు పాకిందో రాసి పెట్టేవారు. ఆ రోగి తర్వాత ఎన్నేళ్లు బతికాడన్నది కూడా ఆ వివరాల పక్కన చేరేది. 1932లో ఆయన ఆ అనుభవాన్నంతా మూడు అక్షరాల్లో ఇమిడ్చారు. క్యాన్సర్ పురీషనాళం గోడ లోపలే ఉంటే ఎ, గోడ దాటితే బి, లింఫు గ్రంథులకు చేరితే సి. ప్రపంచమంతటా వైద్యులు నేర్చుకున్న డ్యూక్స్ వర్గీకరణ ఇదే.

1958లో ఆయన, సహచరుడు బస్సీ కలిసి వేలాది ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించారు. ఎ దశలో ఆపరేషన్ జరిగినవారిలో దాదాపు అందరూ ఐదేళ్లు దాటి బతికారు. బి దశలో నలుగురిలో ముగ్గురు. సి దశలో ముగ్గురిలో ఒక్కరే. వ్యాధి ఎంత త్వరగా బయటపడితే ప్రాణం అంత భద్రమని ఆ లెక్క తేల్చి చెప్పింది.

ఈ క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా రావడం సర్జన్ లాక్‌హార్ట్ మమ్మెరీతో కలిసి ఆయన గమనించారు. పేగులో వందలాది పిలకలు పుట్టి, కాలక్రమంలో క్యాన్సర్‌గా మారే వంశపారంపర్య జబ్బు అది. అలాంటి కుటుంబాల వివరాలతో 1924లో మొదలైన రిజిస్టరు నూరేళ్లు దాటినా ఇంకా కొనసాగుతోంది. జబ్బు ముదరకముందే బిడ్డలను పరీక్షించి కాపాడుకునే మార్గం అలా తెరుచుకుంది. డ్యూక్స్ 1977లో కన్నుమూశారు.

బాగుపడినవారి సాక్ష్యాలు మనం సంతోషంగా వింటాం, వినాలి కూడా. కానీ చనిపోయినవారిని లెక్కలోంచి తీసేస్తే తర్వాతి రోగికి మేలు జరగదు. డ్యూక్స్ చనిపోయినవారిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. నూరు గొర్రెలున్న కాపరికి తప్పిపోయిన ఒక్కటి ఎందుకు తెలిసింది? లెక్కపెట్టాడు గనుకనే! ప్రేమించేవాడు లెక్కపెడతాడు.

నేడు ఆస్పత్రులు అంతకన్నా వివరమైన పద్ధతిలో దశలను నిర్ణయిస్తున్నాయి. రేడియేషన్, మందులు, మెరుగైన ఆపరేషన్లు వచ్చాయి. ఎందరికో పొట్ట మీద శాశ్వత ద్వారం అవసరమే లేకుండా పోయింది. అయినా మారని సంగతి ఒకటుంది. మలంలో రక్తం కనబడితే మొలలేలే అని సొంతంగా తేల్చుకోవడం, సిగ్గుతో దాచుకోవడం ప్రమాదం. ప్రార్థించే మోకాళ్లకు డాక్టర్ దగ్గరికి నడిచే పాదాలు శత్రువులు కావు. దేవుడిచ్చిన శరీరంలో సిగ్గుపడి దాచవలసిన అవయవం ఏదీ లేదు.