నెప్ట్యూన్ అనే కుక్క, షార్ల్ రిషే అనే ఆచార్యుడు

కోళ్ళఫారాలకు పేరుబడ్డ మా తణుకు ప్రాంతంలో గుడ్డు పడని పిల్ల ఉంటుందంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. మా అక్క కూతురికి తొమ్మిదో నెలలో తొలిసారి ఉడకబెట్టిన గుడ్డు పెడితే మూతి చుట్టూ నాలుగు దద్దుర్లు లేచాయి. దిష్టి అన్నారు, ఉప్పు తిప్పి పారేశారు. మూడు వారాల తర్వాత మళ్ళీ గోరంత పెట్టారు. అప్పుడు జరిగింది వేరు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు దానికి పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడి కథ.

షార్ల్ రిషే 1850 ఆగస్టు 26న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరుమోసిన శస్త్రవైద్యుడు. కొడుకూ వైద్యమే చదివాడు గాని, కత్తి పట్టడం కంటే ఒళ్ళు ఎలా పనిచేస్తుందన్న దాని మీదే మనసు పోయింది. 1887లో పారిస్ వైద్యవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఒక పనితో ఊరుకునే మనిషి కాదు. నవలలు రాశాడు, తొలినాటి విమానాల తయారీలో చెయ్యిపెట్టాడు, యుద్ధాలు వద్దని వాదించాడు. ఆత్మల్ని పిలిచే సభల చుట్టూ కూడా తిరిగాడు. జాతుల్లో ఎక్కువతక్కువలు ఉన్నాయని రాసిన రాతలూ ఆయనవే. వాటిని దాచనక్కర్లేదు, మెచ్చుకోనూ అక్కర్లేదు.

1901లో మొనాకో రాజు ఒకటవ ఆల్బర్ట్ తన ఓడలో సముద్ర పరిశోధనకు బయలుదేరుతూ రిషేను, పాల్ పోర్తియేను వెంట తీసుకెళ్ళాడు. తగిలితే ఒళ్ళు మండించే ఫిసాలియా అనే సముద్రజీవి విషాన్ని పరీక్షించడం వాళ్ళ పని. ఫ్రాన్సు తిరిగొచ్చాక ఫిసాలియా దొరక్క, సముద్రపుష్పమనే మరో జీవి విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు. కొద్దికొద్దిగా ఎక్కిస్తే, టీకాలో మాదిరి, ఒళ్ళు తట్టుకోవడం నేర్చుకుంటుందని అందరి నమ్మకం.

నెప్ట్యూన్ అనే బలిష్ఠమైన కుక్కకు కొద్దిపాటి విషం ఎక్కించారు. దానికేమీ కాలేదు. 22 రోజుల తరువాత అంతే మోతాదు మళ్ళీ ఇచ్చారు. క్షణాల్లో ఆయాసం, వాంతులు, కాళ్ళు నిలవలేదు. 25 నిమిషాల్లో చచ్చిపోయింది. ఇంకొకరైతే ఏదో పొరపాటు జరిగిందని వదిలేసేవారు. రిషే వదల్లేదు. మొదటి మోతాదు కాపాడాల్సింది పోయి ప్రాణం మీదికి తెచ్చిందని గ్రహించి, గ్రీకులో రక్షణకు ఉన్న మాటను తిరగేసి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు. 1902లో లోకానికి తెలియజేశాడు. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది ఎందుకు జరుగుతుందో పూర్తిగా తేలడానికి చాలా కాలం పట్టింది. 1960లలో ఐజీఈ అనే ప్రతిరక్షకం బయటపడింది. ఒకసారి పడని పదార్థాన్ని గుర్తుపెట్టుకున్న ఒళ్ళు, మళ్ళీ అది రాగానే హిస్టమిన్ వగైరాలను గుమ్మరిస్తుంది. చర్మం ఉబ్బుతుంది, ఊపిరిగొట్టాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. పసిపిల్లల్లో ఒక్కోసారి మనకు తెలిసి తొలిసారి తిన్నప్పుడే రావచ్చు.

ఇంతకీ మా పిల్ల సంగతి. రెండోసారి పది నిమిషాలు తిరక్కుండా కనురెప్పలు ఉబ్బాయి, వరసగా వాంతులయ్యాయి, ఏడుపు బొంగురుపోయింది. గొంతు బిగుసుకుంటోందని చెప్పుకోవడానికి దానికి మాటలేవీ? తరువాత ఏడుపు మానేసి తోటకూర కాడలా మా అక్క భుజం మీద వాలిపోయింది. పడుకుంది, లేపకండి అంది మా అమ్మ. మాకందరికీ అదే నిజమనిపించింది. పాలిపోయిన మొహం చూసి అనుమానపడింది పక్కింటి నర్సమ్మగారు. అది నిద్ర కాదని గద్దించి ఆసుపత్రికి పరుగెత్తించారు. అక్కడ తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, వెల్లకిలా పడుకోబెట్టారు, మళ్ళీ తిరగబెట్టవచ్చని ఆ రాత్రంతా ఉంచేశారు. దద్దుర్ల సిరప్పు దురద తగ్గిస్తుందే గాని ఆగిపోయే ఊపిరిని ఆపలేదని డాక్టరుగారు మా బావకు రెండుసార్లు చెప్పారు. విచిత్రమేమిటంటే ఆ అడ్రినలిన్‌ను తకమినే అనే జపాను శాస్త్రజ్ఞుడు స్ఫటికాలుగా వేరుచేసిన విషయం ప్రకటించింది కూడా 1901లోనే, రిషే ఓడెక్కిన ఏడే!

గుడ్డును తిట్టడం నా ఉద్దేశం కాదు. పడే పిల్లలకు అది మంచి ఆహారం, భయపడి మానిపించనక్కర్లేదు.

రిషే 1935 డిసెంబరు 4న పారిస్‌లోనే కన్నుమూశాడు. మా అమ్మకు ఆయన పేరు నోరు తిరగదు. కాని ఇప్పుడు ఎవరింటి పుట్టినరోజుకి వెళ్ళినా, కేకులో గుడ్డు వేశారా అని అడిగి గాని మనవరాలి చేతికి ముక్క అందనివ్వదు.