ఆస్పత్రికి చోటు వెదికిన హకీం

పూర్వపు హకీముల ప్రస్తావన వస్తే మనం ముందుగా చెప్పుకునే కథ ఒకటుంది. బాగ్దాద్‌లో ఆస్పత్రి ఎక్కడ కట్టాలో తేల్చమని పాలకుడు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అర్ రాజీని కోరాడు. ఆయన నగరంలోని ఒక్కో పేటలో ఒక్కో మాంసపు ముక్క వేలాడదీయించారు. ఏ పేటలోని ముక్క అన్నిటికన్నా ఆలస్యంగా చెడిందో అక్కడే కట్టమన్నారు.

అర్ రాజీ నేటి టెహ్రాన్ పక్కనున్న రయ్ పట్టణంలో క్రీ.శ. 865 ప్రాంతంలో జన్మించారు. వైద్యం ఆయన వయసు వచ్చాక నేర్చుకున్న విద్యే. అయినా ముందు సొంత ఊరి బీమారిస్తాన్‌కు, తర్వాత బాగ్దాద్ బీమారిస్తాన్‌కు పెద్ద హకీం అయ్యారు. ఆ రోజుల్లో ఆస్పత్రిని అలాగే పిలిచేవారు.

ఆయన శిష్యులు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగిని మొదట బయటి వరుసవారు చూసేవారు. వారికి అంతుపట్టకపోతే లోపలి వరుసవారు, వారికీ తెలియకపోతే అప్పుడు అర్ రాజీ. పేద రోగులకు ఆయనే ఎదురు డబ్బిచ్చేవారు. వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. మశూచి, తట్టులపై ఆయన రాసిన గ్రంథం వైద్యలోకంలో నేటికీ ప్రసిద్ధమే.

మరి మాంసమే ఎందుకు? చెడు గాలి వల్ల రోగాలు వస్తాయని ఆ కాలపు నమ్మకం. సూక్ష్మక్రిముల సంగతి రుజువైంది 19వ శతాబ్దంలో. అయినా మాంసం త్వరగా కుళ్ళే చోట వేడి, తేమ, ఈగలు ఎక్కువనే కదా అర్థం! దజ్లా నది, కాలువల మధ్యనున్న బాగ్దాద్‌లో అది చిన్న విషయం కాదు. స్థలం ఎవరిది, కోటకు ఎంత దగ్గర అన్నవి కాక, రోగి పడుకునే చోటు ఎలాంటిదన్నదే ఆ కథలో లెక్కకు వచ్చింది.

ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. ఆ పాలకుడు అజుదుద్దౌలా అని మేమూ చాలాకాలం చెబుతూ వచ్చాము. కానీ ఆయన ఆస్పత్రి ప్రారంభమైంది క్రీ.శ. 982లో. అప్పటికి అర్ రాజీ మరణించి 57 ఏళ్ళు! 13వ శతాబ్దంలో వైద్యుల చరిత్ర రాసిన ఇబ్న్ అబీ ఉసైబిఅ ఈ కథ చెబుతూనే, అర్ రాజీ అంతకు ముందటివారని గుర్తించారు. అది అంతకు పూర్వపు ఆస్పత్రి కథ అయి ఉంటుందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఏమైనా, ఆ కథ ఆయన పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించిన రోగులలో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి కావాలనే తీయించకుండా ఫలితాలు పోల్చి చూసినవారు ఆయన. చేతిలో ఉన్న చికిత్సను కొందరికి ఆపడం నేడు మనకు కఠినంగానే తోచవచ్చు. ఊహను నమ్మక, పక్కపక్కన పెట్టి చూడడం ఆయన అలవాటు.

చివరి రోజుల్లో ఆయనకు చూపు పోయింది. క్రీ.శ. 925 (హి.శ. 313)లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసి పెట్టుకున్న కాగితాలను సోదరి వద్ద నుంచి వజీర్ ఇబ్నుల్ అమీద్ సేకరించి, శిష్యుల చేత వరుసలో పెట్టించాడు. అదే అల్ హావీ అనే మహా వైద్యగ్రంథం.